నంబరు రాయని చీటీ

ఆ వేసవి దాకా మా ఇంట్లో ఆసుపత్రి మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. మా కోడలు పదకొండేళ్ళుగా అదే ఆసుపత్రికి వెళ్ళొస్తున్నా సరే. నేను ముప్పై ఒక్కేళ్ళు నర్సుగా చేశాను, చివరి పన్నెండేళ్ళూ ఆడవాళ్ళ సర్జరీ వార్డుకి హెడ్ సిస్టర్ని. ఆమె కింది అంతస్తులో, మెట్ల వెనక, రికార్డుల గదిలో గుమాస్తా. నా లెక్కలో అది ఆసుపత్రిలో ఉన్న గదే గానీ ఆసుపత్రి కాదు.

మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఓసారి మా ఆసుపత్రి లిఫ్టు చూడటానికి వచ్చి, లిఫ్టు సంగతి ఎలా ఉన్నా పిల్లను మాత్రం చూసుకుని వెళ్ళాడు. "అమ్మా, ఆ అమ్మాయిది కూడా మీ ఆసుపత్రే" అన్నాడు సంబరంగా. "ఏ వార్డు?" అన్నాను. "రికార్డుల గది." "ఓహో, ఇతరులా!" అన్నాను. మా హాజరు పట్టీలో నాలుగే శీర్షికలుండేవి: డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు, ఇతరులు. తమాషాకే అన్నాను. కానీ ఆ తమాషా మా ఇంట్లో పదేళ్ళు నడిచింది. పొయ్యి ఆర్పడం మరిచిపోయిందెవరంటే ఇతరులు, తలుపు గడియ వెయ్యనిదెవరంటే ఇతరులు. ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వుతోంది కదా అని నేనూ ఆపలేదు.

నేను రిటైరైన రెండేళ్ళకి వచ్చిన వేసవి అది. ఒకరోజు పొద్దున్న పదకొండింటికే కోడలు ఇంటికొచ్చేసింది. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆమె చేతిలోని భోజనం డబ్బా అందుకోగానే బరువు తెలిసింది, మూత కూడా తీయలేదని.

"ఏమైంది, జ్వరమా?" అంటూ నుదుటి మీద చెయ్యి వేశాను.

"కాదత్తయ్యా. సస్పెండ్ చేశారు."

చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పింది. రికార్డుల గదిలో ఒక పద్ధతి ఉండేదట. ఒకే పేరున్న రోగులు ఇద్దరుంటే ఇద్దరి ఫైళ్ళకూ ఎర్ర దారం కట్టేవాళ్ళు. దారం కనిపిస్తే ఆగాలి, పుట్టిన తేదీ, ఇంట్లోవాళ్ళ పేరు సరిచూసుకుని గానీ ఫైలు పైకి పంపకూడదు. ఏ రూలు పుస్తకంలోనూ లేని పద్ధతి. ఆమెకి పని నేర్పిన ముసలి గుమాస్తా పెట్టింది. ఆయన్ని అందరూ దారాల తాత అనేవాళ్ళు, ఇప్పుడు లేడు. ఆ వేసవి మొదట్లో ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని స్కానింగ్ యంత్రాలు తెచ్చారు. దారాలు యంత్రంలో చిక్కుకుంటున్నాయని ఒక సర్క్యులర్ వచ్చింది. ఫైళ్ళ మీద దారాలు, పెన్సిలు గుర్తులు, మరే ఇతర అనధికార చిహ్నాలూ ఉండరాదు. గుమాస్తాలు రెండు రోజులు కూర్చుని దారాలన్నీ కత్తిరించారు. కత్తిరిస్తున్నప్పుడే మా కోడలు పరిపాలనాధికారి గదికి వెళ్ళి, సార్, ఫైళ్ళు కలిసిపోతాయి అని చెప్పిందట. కంప్యూటర్ చూసుకుంటుందిలే అన్నాడట ఆయన.

మూడు వారాలు గడిచాయి. ఆడవాళ్ళ వార్డు నుంచి ఒక ఫైలు కావాలని చీటీ వచ్చింది. ఆ పేరుతో ఇద్దరున్నారు, ఇద్దరూ నలభై దాటినవాళ్ళే. దారం లేక ఆ సంగతి కంటపడలేదు, చేతికందిన ఫైలు పైకి వెళ్ళింది. మంచం మీదున్న ఆవిడకి ఒక ఇంజెక్షన్ పడదు. ఆ సంగతి ఆవిడ ఫైల్లో ఉంది, పైకి వెళ్ళిన ఫైల్లో లేదు. ఇంజెక్షన్ ఇచ్చేశారు. ఒళ్ళంతా దద్దుర్లు పొంగి, ఊపిరాడక, రెండు రోజులు ఐసీయూలో ఉంది.

"ఇప్పుడెలా ఉందావిడ?" అన్నాను. నర్సు బుద్ధి, ముందు అదే వచ్చింది నోటికి.

"ఇవాళ లేచి కూర్చుందట. ఒకసారి వెళ్ళి చూసొస్తానంటే కుదరదన్నారు. సెక్యూరిటీవాళ్ళు గేటు దాకా దింపారు." అప్పుడు కూర్చుంది. సంచిలోంచి ఒక కాగితం తీసింది. "సోమవారం లోపల దీని మీద సంతకం పెట్టమన్నారు."

మూడు వాక్యాలు టైపు చేసి ఉన్నాయి. తప్పు పూర్తిగా నాదే, నా నిర్లక్ష్యం వల్లే జరిగింది, క్షమించగలరు. పెడితే చిన్న శిక్షతో వదిలేస్తారట. పెట్టకపోతే విచారణ, ఆపైన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

దాచుకోవడం ఎందుకు, నేను చేసిన పని చెబుతాను. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చాను. మూత తీసి మరీ ఆమె చేతికిచ్చాను. "పెట్టి పారెయ్" అన్నాను. "పెద్దవాళ్ళతో పెట్టుకుంటే తల ప్రాణం తోకకొస్తుంది. పొరపాటు జరిగింది, ఒప్పుకుంటే పోయేదేముంది?"

"నేను తప్పు చేయలేదత్తయ్యా."

"ఫైలు పంపింది నువ్వే కదా?"

"నేనే. కానీ ఇది నా ఒక్కదాని తప్పని సంతకం పెట్టేస్తే అక్కడితో మూసేస్తారు. దారాలు మళ్ళీ కట్టరు. రేపు ఇంకొకావిడకి జరుగుతుంది."

"దారాల సంగతి నీకెందుకమ్మా, నీ సంగతి చూసుకో" అన్నాను. నా మనసులో ఉన్నది అంతకన్నా అన్యాయం. కింద కూర్చుని కబుర్లాడుకుంటూ ఏదో ఫైలు అందించి ఉంటుంది అనుకున్నాను. సొంత కోడలి గురించి.

అప్పుడే తలుపు కొట్టారు. కొట్టిన తీరులోనే ఎవరో తెలిసింది. ఓపీ చీట్ల కౌంటర్లో పనిచేసే ఆవిడ. ఇరవై ఏళ్ళు అద్దం వెనక నుంచి రోగుల పేర్లు అరిచి పిలిచి గొంతు అలా తయారైంది, ఆసుపత్రంతా ఆవిడని మైకు అనేవాళ్ళు. కార్యాలయ సిబ్బంది సంఘానికి కార్యదర్శి. వాళ్ళ సంఘంలో గట్టిగా నలభై మంది ఉండేవాళ్ళేమో. స్టేషనరీ గదిలో కాగితం కట్టల మీద కూర్చుని సమావేశాలు పెట్టుకునేవాళ్ళు. నాలుగొందల మంది ఉన్న నర్సుల సంఘం మాది, మాకు హాలు ఉండేది. వాళ్ళని చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

మైకు లోపలికొచ్చి, కోడలి చేతిలో పెన్ను చూసి, నా మొహం చూసింది.

"ఆ పెన్నుకి మూత పెట్టెయ్యండి సిస్టర్ గారూ, ఎండిపోతుంది" అంది.

నేను నోరు తెరిచేలోపల కోడలి పక్కన కూర్చుంది. "విను. నువ్వు ఒంటరిగా ఏ గదిలోకీ వెళ్ళకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. విచారణకి ఒకర్ని పక్కన తెచ్చుకునే హక్కు నీకుంది, ఆ ఒకర్ని నేను. సాక్షుల్ని కూడా పిలిపించుకోవచ్చు. సరేనా? ఇప్పుడు చెప్పు. ఆ రోజు వచ్చిన చీటీ మీద ఏం రాసుంది?"

"పేరు, మంచం నంబరు, అర్జెంట్ అని."

"ఫైలు నంబరు?"

"లేదు."

నేను ఊరుకోలేకపోయాను. "వార్డులో ఊపిరి పీల్చుకోవడానికే తీరిక ఉండదు. ఫైలు నంబర్లు రాసుకుంటూ ఎవరు కూర్చుంటారు?"

మైకు నా వంక చూసింది. కోపంగా కాదు, అక్కరకొచ్చే వస్తువేదో దొరికినట్టు. చిన్న పుస్తకం తీసి నేనన్న మాట అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది.

రాత్రి భోజనాల దగ్గర మావాడితో నా గోడు వెళ్ళబోసుకున్నాను. వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "లిఫ్టు నడిచినన్నాళ్ళు మెకానిక్ అనేవాడొకడున్నాడని ఎవరికీ గుర్తుండదమ్మా. ఆగిన రోజు మాత్రం వాడి పేరు కనుక్కుని మరీ తిడతారు. మీ ఆసుపత్రిలో కూడా అంతేగా? నువ్వు కాస్త ఆగు."

నన్ను ఆగమన్నవాడు ఆ ఇంట్లో అంతవరకూ లేడు. పెరుగు వేసుకుని తినేశాను.

సోమవారం వెళ్ళి, సంతకం పెట్టనని కోడలు రాసిచ్చింది. విచారణ మూడు వారాల్లో అన్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ముందు గదిలో సంఘం వాళ్ళు ఎనిమిది మంది కూర్చున్నారు. ఉన్న ఒక్క ఫ్యానూ మైకు వైపు తిప్పాం, లేకపోతే ఆవిడ గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. నేను వంటింట్లో టీ పెడుతూ వింటున్నాను. వినడం లేదన్నట్టు గిన్నెలు చప్పుడు చేస్తూ.

ఒక టైపిస్టు అన్నాడు: "రూల్లో ఏముంది? నంబరు లేని చీటీని తిప్పి పంపాలి. ఒకటీ అరా తప్ప మనం ఏనాడైనా పంపామా? రేపట్నించి అన్నీ తిప్పి పంపుదాం. ఒక్క పూటలో కాళ్ళబేరానికొస్తారు."

గది అంతా ఒక్కసారి హుషారెక్కింది. అవునంటే అవునన్నారు. ఒకాయన అయితే ఎన్ని గంటల నుంచి మొదలుపెట్టాలో కూడా నిర్ణయించేశాడు.

"వద్దు" అంది మా కోడలు.

ఆమె గొంతు పెద్దది కాదు. అందరూ ఆగారు.

"చీటీ తిప్పి పంపితే ఆ గంట సేపూ ఎదురుచూసేది అధికారి కాదు, మంచం మీద మనిషి. నా ఉద్యోగం కోసం ఒక్క ఫైలు కూడా ఆలస్యం కాకూడదు. అలాగైతే నాకొద్దు ఈ పోరాటం."

టీ ట్రే నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. ఎదురుచూసేది మంచం మీద మనిషి అన్న మాట నేను కొత్త నర్సులకి వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పగా చెప్పగా నలుగురైదుగురికి ఎక్కింది. ఈ పిల్లకి నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇలాంటి మనిషి నా ఆసుపత్రిలో ఉండుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది, ఆమె తొమ్మిదేళ్ళు నాతోపాటు అక్కడే ఉంది కదా, మెట్ల కింద.

"మరి నంబర్లు రాయరని ఎలా రుజువు చేస్తాం?" అంది మైకు. "నోటి మాట ఆఫీసులో చెల్లదు."

"చీటీలున్నాయి" అంది కోడలు. "మూడేళ్ళ దాకా పారేయకూడదు. నెలకో గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం. వచ్చినవన్నీ ఉంటాయి."

"నువ్వు లోపలికి రాకూడదు. మాకు మధ్యాహ్నం భోజనాల గంట తప్ప తీరిక లేదు. ఎన్ని చేతులు కావాలి?"

"నేనొస్తాను" అన్నాను గుమ్మంలోంచి.

మైకు అనుమానంగా చూసింది. "అవి మీ నర్సుల చీటీలు సిస్టర్ గారూ."

"నాకు కళ్ళజోడుంది" అన్నాను. అంతకన్నా మంచి జవాబు తోచలేదు.

విచారణకి కావలసిన కాగితాలు చూసుకోవడానికి మైకు రాతపూర్వకంగా అనుమతి తెచ్చింది. రోజుకి గంట, వారం రోజులు, ఒక్క చీటీ కూడా గది దాటి పోకూడదు. ముప్పై ఒక్కేళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగినదాన్ని, రికార్డుల గదిలో కాలుపెట్టడం అదే మొదలు. కిటికీ లేదు. బీరువాలు కప్పు దాకా ఉన్నాయి, వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవాలి. దుమ్ముకి మొదటిరోజే తుమ్ములు పట్టుకున్నాయి. ఈ గదిలో కూర్చుని కబుర్లాడుకుంటారని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు, కూర్చోవడానికి ఉన్నవే రెండు స్టూళ్ళు.

ప్రమాదం జరిగిన నెల సంచి ముందు విప్పాం. నంబరు ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. నాలుగు రోజుల్లో అది తేలిపోయింది. ఐదో రోజు మైకు, "ఈ ఒక్క నెలే కాదు, ఎప్పుడూ ఇంతేనని చూపించాలి" అని పాత సంచి ఒకటి కిందికి దించింది. రెండున్నరేళ్ళ కిందటిది. ఆ తేదీ చూసినప్పుడైనా నాకు వెలగలేదు.

గుప్పెడు చీటీలు తీశానో లేదో, నా చేతిరాత కనిపించింది. డాక్టర్ల రాతని వెక్కిరించి వెక్కిరించి నా రాతని మాత్రం ముత్యాల్లా దిద్దుకున్నదాన్ని, ఎక్కడున్నా గుర్తుపడతాను. ఒక రోగి పేరు. మంచం పద్నాలుగు. అర్జెంట్, కింద మూడు గీతలు. నా సంతకం. ఫైలు నంబరు అన్నచోట ఖాళీ.

ఇంకొకటి తీశాను. అదీ ఖాళీ. ఆ సంచిలో నావి పదిహేడు దొరికాయి, పదిహేడిట్లో ఒక్కదాని మీద కూడా నంబరు లేదు.

మంచం పద్నాలుగు చీటీని లేనివాటి కట్టలో వెయ్యబోతుంటే వెనకవైపు పెన్సిలు రాత కనిపించింది. చిన్న అక్షరాలు, మా ఇంట్లో కిరాణా చీటీల మీద రోజూ చూసే అక్షరాలు.

"ఈ పేరుతో ముగ్గురు. వార్డుకి ఫోన్ చేశాను, సిస్టర్ బిజీ. పైకి వెళ్ళి రోగి తల్లిని పుట్టిన తేదీ అడిగాను. సరిపోయింది. మూడు ఫైళ్ళకీ దారం కట్టాను. 22 నిమిషాలు."

ఆ ఇరవై రెండు నిమిషాలూ నాకు గుర్తున్నాయి. ఆ రోజు రికార్డుల గదికి ఫోన్ చేసి, "ఫైలు వెతకడం మీకు చేతకాకపోతే చెప్పండి, నేనే దిగొచ్చి వెతుక్కుంటాను" అని అరిచాను. ఎత్తింది ఎవరో కూడా అడగలేదు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మావాడికి చెప్పి నవ్వాను, ఇతరులకి గడియారం ఉండదురా అని. ఆమె నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "రేపట్నించి తొందరగా పంపుతాం అత్తయ్యా" అంది. ముగ్గురున్నారని అనలేదు. మీ వార్డుకే వచ్చి వెళ్ళానని అనలేదు.

"ఇవన్నీ ఎందుకు రాస్తారు వెనక?" అని మైకుని అడిగాను.

"దారాల తాత అలవాటు చేశాడు. చేసిన పని చీటీ వెనక రాసి పెట్టాలని. ఎవరైనా చూస్తారా తాతా అంటే, చూడరమ్మా, అయినా రాయండి అనేవాడు."

నేను ఆ చీటీని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివాను. తర్వాత మైకు చేతిలో పెట్టాను. "సాక్షుల్ని పిలవచ్చన్నావు కదా. నా పేరు రాసుకో" అన్నాను.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర చిన్న సిస్టర్ నిలబడి ఉంది. నా కిందే పని నేర్చుకుని, నేను రిటైరయ్యాక నా వార్డు చేతికి తీసుకున్న పిల్ల. ప్రమాదం జరిగిన రోజు చీటీ రాసింది తనే. నన్ను చూడగానే ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అక్కా, నువ్వు వాళ్ళ తరఫున మాట్లాడతావట. నువ్వు మా మనిషివి. అందరూ అదే అడుగుతున్నారు, అక్క ఇలా ఎలా చేస్తుందని."

"ఎవరి తరఫునా కాదే. ఉన్నది చెబుతాను."

"ఉన్నదేంటక్కా? నువ్వు నేర్పినట్టే రాశాను కదా నేను. నంబర్లు కిందవాళ్ళు చూసుకుంటారు, మనం మనుషుల్ని చూద్దాం అనేదానివి కదా నువ్వు!"

అన్నాను. ఆ మాట నాదే. ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. అది గొప్ప మాటనుకుని మరీ నేర్పాను. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎండలోంచి గేటు పక్క నీడలోకి తీసుకొచ్చాను.

"నిన్ను ఇరికించను" అన్నాను. "నన్ను నేను ఇరికించుకుంటాను. అది చాలు."

విచారణ గదిలో బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో పరిపాలనాధికారి. ఇవతల మా కోడలు, పక్కన మైకు. నేను తలుపు దగ్గర కుర్చీలో. మైకు లేస్తే ఇల్లెక్కి అరుస్తుందేమోనని నాకు భయం. కానీ ఆవిడ అంత చిన్నగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు, వాళ్ళు ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"ఆ నెలలో వచ్చిన చీటీలు మూడు వేల రెండు వందల పద్నాలుగు. ఫైలు నంబరు ఉన్నవి ఎనిమిది వందల డెబ్బై ఒకటి. మిగతావాటికి నంబరు వెతికింది గుమాస్తాలు. దారాలు ఉన్నన్నాళ్ళు ఒక్క తప్పు ఫైలు వెళ్ళినట్టు మీ దగ్గర ఫిర్యాదు ఉంటే చూపించండి."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "నంబరు లేని చీటీని తిప్పి పంపాలని రూలుంది. పంపలేదు. నిర్లక్ష్యం అదే కదా?"

"దానికి జవాబు నేను కాదు సార్, సిస్టర్ గారు చెబుతారు."

లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. విచారణ కోసం రికార్డుల గది నుంచి అనుమతితో తెప్పించిన చీటీ ఒకటి మైకు నా ముందు పెట్టింది.

"ఇది ఎవరిది సిస్టర్ గారూ?"

"నాది."

"నంబరు రాయలేదేం?"

"ఎప్పుడూ రాయలేదు. అవసరం పడలేదు. నేను హెడ్ సిస్టర్‌గా ఉన్న పన్నెండేళ్ళలో నా వార్డుకి ఒక్క తప్పు ఫైలు రాలేదు. అది నా గొప్పనుకున్నాను. వెనక్కి తిప్పి చదవండి."

అధికారి తిప్పాడు. చదివి పక్కాయనకిచ్చాడు. ఆయన చదివి మూడో ఆయనకిచ్చాడు.

"మరి తిప్పి పంపి ఉండచ్చు కదా?" అన్నాడు అధికారి, ఈసారి కాస్త నెమ్మదిగా.

"పంపితే నేను ఊరుకునేదాన్నా సార్? ఫోన్లో చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని. మీకు ఫిర్యాదు రాసేదాన్ని. రెండుసార్లు రాశాను కూడా, మీ బీరువాలోనే ఉంటాయి. రూలు పాటించినవాళ్ళ మీద ఫిర్యాదు తీసుకున్నది మీరు, పాటించలేదని శిక్ష వేస్తున్నదీ మీరే."

మూడో ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి కాగితాలు తిరగేసి, "ఈవిడ మీకు కోడలు కదా?" అన్నాడు.

"అవును. తేదీ చూడండి. ఆ రోజు ఈ ఫైలు ఆలస్యమైందని ఇంటికెళ్ళి ఈ కోడలినే ఎగతాళి చేశాను. పదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె చేసే పని ఏంటని ఒక్కపూట అడగలేదు. కోడలి మీద ప్రేమతో చెబుతున్నానంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు సార్."

కోడలు తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది పాపం అనుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

చివర్లో ఆమెని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. లేచి నిలబడింది. "ఆ రోజు ఫైలు పంపింది నేనే. ఆవిడ పడ్డ బాధ నేను మరిచిపోలేను. ఆవిడకి క్షమాపణ చెప్పుకుంటాను, నన్ను పైకి వెళ్ళనివ్వండి. కానీ ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. దారాలు మళ్ళీ కట్టనివ్వండి." అంతే చెప్పి కూర్చుంది. నేను చాలామంది డాక్టర్లని చూశాను, పెద్ద పెద్ద ఆపరేషన్లు అయ్యాక బయటికొచ్చి మాట్లాడటం చూశాను. అంత నిబ్బరంగా మాట్లాడినవాళ్ళు తక్కువ.

పది రోజులకి ఆర్డరు వచ్చింది. సస్పెన్షన్ రద్దు, శిక్ష లేదు. సర్క్యులర్ వెనక్కి తీసుకున్నారు. దారం కట్టిన ఫైళ్ళని యంత్రంలో కాకుండా చేత్తో ఒక్కొక్క కాగితం స్కాన్ చేయాలట. వార్డు చీటీలు కొత్తగా అచ్చు వేశారు, ఫైలు నంబరుకీ పుట్టిన తేదీకీ గళ్ళు గీసి. చిన్న సిస్టర్ మీద చర్యేమీ లేదు. కొత్త చీటీలు ఎలా నింపాలో నర్సులందరికీ చూపించే పని ఆ పిల్లకే ఇచ్చారు. నలభై మంది ఉన్న సంఘంలో ఆ నెలాఖరుకి నూట అరవై మంది చేరారు, స్టేషనరీ గది చాలక మా నర్సుల హాలు అడిగారు. మావాళ్ళు గొణుక్కుంటూనే ఇచ్చారు. హాజరు పట్టీలో ఇతరులు అన్న శీర్షిక తీసేయించి, కార్యాలయ సిబ్బంది అని రాయించే దాకా మైకు వదల్లేదు. ఆ పట్టీ గోడకెక్కిన రోజు మైకు అరుపు ఐసీయూలోకి వినిపించిందని చెప్పుకున్నారు.

ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రం కోడలు ముందు ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళింది, ఆ తర్వాతే ఇంటికొచ్చింది. ఆ రోగి వారం కిందటే ఇంటికెళ్ళిపోయిందట. ఫైల్లో చిరునామా చూసి, వెతుక్కుంటూ వెళ్ళి, గుమ్మంలో నిలబడి చెప్పొచ్చింది. ఆవిడ ఏమందని అడిగాను. "మంచినీళ్ళిచ్చారు, కూర్చోమన్నారు" అంది. ఇంకేమీ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

నేను మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. ఎదురింటావిడకి చెప్పాను, పాలు పోసే ఆవిడకి చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా చెప్పాను. మా కోడలు ఆసుపత్రిలో పనిచేస్తుందండీ అని. ఏ డాక్టరని ఆవిడ అడిగితే, "డాక్టర్లకి ఏ రోగి ఎవరో చెప్పే మనిషి" అన్నాను.

తొలి వానలు పడ్డ వారంలో నాకు బీపీ చూపించుకునే రోజు వచ్చింది. ఓపీలో ఎవరో కొత్త నర్సు, నన్ను ఎరగదు. నా కార్డు చూసి కొత్త చీటీ మీద నంబరు ఒక్కొక్క అంకె గడిలో పడేలా రాసి కిందికి పంపింది. నేను బెంచీ మీద కూర్చున్నాను, గొడుగు నీళ్ళు కాళ్ళ దగ్గర మడుగు కడుతున్నాయి. కాసేపటికి నా ఫైలు పైకొచ్చింది.

దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"నా పేరుతో ఇంకొకరున్నారా?" అన్నాను ఆశ్చర్యంగా. ఇన్నేళ్ళలో ఆ సంగతే నాకు తెలియదు.

నర్సు అట్ట తెరిచి లోపల పెన్సిలుతో రాసింది చదువుతోంది. చదివి, నా మొహం చూసి, మళ్ళీ చదివి బిక్కమొహం వేసింది. నేను లేచి వెళ్ళి ఆమె భుజం మీదుగా తొంగి చూశాను. మా కిరాణా చీటీల అక్షరాలే.

"ఈ పేరుతో ఇద్దరు. ఈవిడ రిటైరైన హెడ్ సిస్టర్. పుట్టిన తేదీ తప్పక అడగండి. అడిగితే కోప్పడతారు. అయినా అడగండి."

"అమ్మా... మీ పుట్టిన తేదీ చెబుతారా?" అంది నర్సు పిల్ల, ఒక అడుగు వెనక్కి వేసి.

చెప్పాను. ఆమె అడగకపోయినా ఫైలు నంబరు కూడా చెప్పాను.